రన్‌వే మీద గొయ్యి పడితే ఎయిర్‌బేస్ పోయినట్టేనా? పఠాన్‌కోట్ అరవై ఏళ్ల అనుభవం

2025 మే 8, 9, 10 తేదీల్లో, పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తుండగా, మన ఫోన్లు ఎలా మోగాయో గుర్తుండే ఉంటుంది. "పఠాన్‌కోట్ బేస్ పోయిందంట", "ఆదంపూర్‌లో ఎస్-400 లేపేశారంట", ఇటు నుంచి పాకిస్తాన్ బేసుల గురించి "సర్గోధా అయిపోయింది, నూర్ ఖాన్ బూడిదైంది". ఆ రాత్రుల్లో ఒకరోజు పదకొండింటికి మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, పఠాన్‌కోట్ పోయిందంటున్నారు, నిజమేనా?" వాళ్ల వీధిలో ఒకాయన కొడుకు ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్. ఆ ఇంటి టెన్షన్ అంతా బాబాయి గొంతులో ఉంది. సర్కారు ప్రకటన వచ్చేదాకా ఆగమని చెప్పి పెట్టేశాను కానీ, 'పోవడం' అనే ఆ మాట నన్ను వదల్లేదు. ఒక ఎయిర్‌బేస్ పోవడం అంటే ఏమిటి? రన్‌వే మీద నాలుగు గోతులు పడితే పోయినట్టా? ఒక హ్యాంగర్ కూలితే పోయినట్టా? మే 10న మన అధికారులు ఉధంపూర్, పఠాన్‌కోట్, ఆదంపూర్, భుజ్ స్టేషన్లలో పరికరాలకూ సిబ్బందికీ పరిమితంగా నష్టం జరిగిందని దాచకుండా చెప్పారు. ఆ బేసులు పోయాయా మరి? పోలేదు. ఎందుకు పోలేదో అర్థం కావాలంటే పఠాన్‌కోట్ కథ మొదటి నుంచీ తెలియాలి. మన దేశంలో దెబ్బలు తిని నేర్చుకున్న బేస్ ఏదైనా ఉందంటే అది పఠాన్‌కోటే.

ముందు బేస్ అంటే ఏమిటో చూద్దాం. ఎయిర్‌బేస్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది పొడవాటి రన్‌వే, దాని మీంచి మంట చిమ్ముతూ లేచే యుద్ధ విమానం. కానీ విమానం గాల్లో ఉండేది గంటో రెండు గంటలో. మిగతా కాలమంతా నేల మీదే. ఆ నేల మీది పనే బేస్. ఒక్క సుఖోయ్-30 ట్యాంకులు నింపాలంటే 9 టన్నుల పైనే ఇంధనం కావాలి. ఆ ఇంధనం నిల్వచేసే ట్యాంకులు, దాన్ని విమానం దగ్గరికి మోసుకొచ్చే బౌజర్లు, జనావాసానికి దూరంగా మట్టి దిబ్బల మధ్య బాంబుల గోదాములు, ఇంజన్ విప్పి చూసే ఫిట్టర్లు, రెక్కల కింద ఆయుధాలు బిగించే ఆర్మరర్లు, పారాచూట్ మడతపెట్టేవాళ్లు, మబ్బూ గాలీ లెక్కగట్టేవాళ్లు, రన్‌వే మీద చిన్న గులకరాయి కూడా లేకుండా ఊడ్చేవాళ్లు, పక్షుల్ని తోలేవాళ్లు, క్రాష్ టెండర్ (మంటలార్పే బండి) పక్కన రోజంతా కాచుకుని కూర్చునే ఫైర్ సిబ్బంది, వీళ్లందరికీ వండిపెట్టే మెస్సు. ఒక పైలట్ కాక్‌పిట్‌లో కూర్చోవాలంటే ఇంతమంది చేతులు పడాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా, రన్‌వే అద్దంలా ఉన్నా సరే, విమానం లేవదు.

ఇంకో సంగతి. గాల్లో ఎంత భయపెట్టే విమానమైనా, నేల మీద నిలబడి ఉన్నప్పుడు కిరోసిన్ నింపిన రేకు డబ్బాతో సమానం. జెట్ ఇంధనం కిరోసిన్ జాతిదే, విమానం ఒంటి మీదుండేది పల్చటి లోహపు రేకే. నాలుగు తూటాలు చాలు. పైగా బేస్‌ని ఎక్కడికీ జరపలేం. ఫిరంగిని లాక్కుని పోవచ్చు, ఓడని సముద్రంలో తిప్పొచ్చు, జలాంతర్గామిని ముంచి దాచొచ్చు. మూడు కిలోమీటర్ల రన్‌వేని ఏం చేస్తాం? దాని చిరునామా శత్రువుకి దశాబ్దాలుగా తెలుసు. కాబట్టి దెబ్బ ఎప్పుడో ఒకప్పుడు పడుతుందనే లెక్కతోనే బేస్‌ని కట్టాలి, నడపాలి. ఈ పాఠం మనకి ఎవరో చెబితే వచ్చింది కాదు.

మెడ దగ్గర బేస్

మ్యాప్ తీసి పంజాబ్ ఉత్తర కొసన చూడండి. ఒక పక్క జమ్మూ, ఇంకో పక్క హిమాచల్ కొండలు, పడమటన పాకిస్తాన్. దేశం అక్కడ సన్నగా మెడలా ఉంటుంది. జమ్మూకి పోయే జాతీయ రహదారీ, రైలు పట్టాలూ ఆ మెడలోంచే వెళతాయి. అక్కడ తెగితే జమ్మూ కశ్మీర్‌కి సరుకూ సైన్యమూ వెళ్లే ప్రధాన దారి తెగినట్టే. ఆ మెడ దగ్గర కాపలా పఠాన్‌కోట్. సరిహద్దు సుమారు 25 కిలోమీటర్లు.

ఆ 25 కిలోమీటర్లను యుద్ధ విమానం లెక్కలో చూడాలి. గంటకు 900 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 15 కిలోమీటర్లు. అంటే రెండు నిమిషాలు కూడా పట్టదు. మన విమానాలకు అది ఎంత వరమో అంత శాపం కూడా. మనం ఎంత తొందరగా అవతలికి చేరగలమో, అవతలివాళ్లూ అంతే తొందరగా మన నెత్తి మీదికి వస్తారు. సరిహద్దు బేసులన్నిటికీ ఉన్న చిక్కు ఇదే.

వరం ఏమిటో 1965 సెప్టెంబర్ 1న తెలిసింది. ఛాంబ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు సరిహద్దు దాటి అఖ్నూర్ వైపు కదిలాయి. అఖ్నూర్ వంతెన పోతే ఆ ప్రాంతంలో మన సైన్యానికి దారి ఉండదు. సాయంత్రం వైమానిక దళాన్ని దింపడానికి అనుమతి వచ్చిన కొద్దిసేపటికే పఠాన్‌కోట్ నుంచి 12 వాంపైర్, 14 మిస్టియర్ యుద్ధ విమానాలు విడతలుగా వెళ్లాయి. ఛాంబ్ అక్కడికి గాల్లో నిమిషాల దూరం కాబట్టే చీకటి పడేలోపు వెళ్లగలిగాయి. ఆ సాయంత్రం 4 వాంపైర్లు తిరిగి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ విమానాలు పాకిస్తాన్ సేబర్ జెట్ల ముందు నిలవలేవని రూఢి అయింది, వాటిని ముందు వరస నుంచి తీసేశారు. వాటి చోట నాట్ అనే యుద్ధ విమానాలు వచ్చాయి. దాడి తీవ్రత ఆ సాయంత్రం తగ్గిందంటే మాత్రం అందులో పఠాన్‌కోట్ వాటా ఉంది.

శాపం ఐదు రోజుల తర్వాత వచ్చింది. సెప్టెంబర్ 6 ఉదయం మన సైన్యం లాహోర్ వైపు సరిహద్దు దాటింది. ఆ సాయంత్రమే పాకిస్తాన్ సేబర్ జెట్లు పఠాన్‌కోట్ మీద పడ్డాయి. ఆ వేళకి పైన కాపలా తిరుగుతున్న మన విమానాలు లేవు. మిషన్ నుంచి తిరిగొచ్చిన విమానాలు నేల మీద ఉన్నాయి, ఇంధనం నింపుకుంటున్నాయి. సేబర్లు ఒకదాని వెనుక ఒకటి కిందికి దిగి మళ్లీ మళ్లీ కాల్చాయి. 10 విమానాలు నేల మీదే కాలిపోయాయి. వాటిలో 2 మిగ్-21లు ఉన్నాయి. మిగ్-21 అంటే ఆ రోజుల్లో మనకి సరికొత్త సూపర్‌సానిక్ విమానం, దేశం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. 6 మిస్టియర్లు, ఒక నాట్, ఒక ప్యాకెట్ రవాణా విమానం కూడా పోయాయి.

సరిగ్గా అదే సాయంత్రం లుధియానా దగ్గరున్న హల్వారా బేస్ మీదికీ సేబర్లు వచ్చాయి. అక్కడ మన హంటర్ విమానాలు గాల్లో కాపలా తిరుగుతున్నాయి. పోరు గాల్లోనే జరిగింది. మనకి 2 హంటర్లు పోయాయి, వాళ్లకి 2 సేబర్లు పోయాయి, బేస్ నిలబడింది. ఆ రోజు చనిపోయిన పాకిస్తాన్ స్క్వాడ్రన్ లీడర్ సర్‌ఫరాజ్ రఫీకీ పేరు మీదే షోర్‌కోట్‌లో రఫీకీ ఎయిర్‌బేస్ ఉంది. 2025 మే 10న మన క్షిపణులు పడిన బేసుల జాబితాలో ఆ పేరు విన్నవాళ్లకి దాని మూలం 60 ఏళ్ల కిందటి హల్వారా ఆకాశంలో ఉందని తెలియకపోవచ్చు.

ఒకే సాయంత్రం, ఒకే శత్రువు, ఒకే రకం విమానం, ఒకే రకం దాడి. హల్వారాలో పైన నాలుగు విమానాలు తిరుగుతున్నాయి, పఠాన్‌కోట్‌లో లేవు. నాకు తెలిసి వైమానిక రక్షణ గురించి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

గోడలు, గోతులు, ఇరుగుపొరుగు

1965 తర్వాత మన బేసుల రూపమే మారింది. విమానాలను ఒకే చోట వరసగా నిలబెట్టడం మానేశారు. బేస్ నాలుగు మూలలకీ చెదరగొట్టి, ఒక్కోదానికీ చుట్టూ మందపాటి గోడలతో, మట్టి కట్టలతో బ్లాస్ట్ పెన్‌లు కట్టారు. ఒక పెన్‌లో విమానం పేలినా పక్కదానికి నిప్పు అంటదు. పైనుంచి వచ్చే పైలట్‌కి ఒక్క దూకులో పది విమానాలు దొరకవు, ఒక్కోదాన్నీ వెతికి కొట్టాలి. వెతికేలోపు కింది ఫిరంగులు అతన్ని వెతుకుతాయి. 1967 జూన్ 5న ఇజ్రాయెల్ విమానాలు ఈజిప్ట్ వైమానిక దళాన్ని కొన్ని గంటల్లోనే నేల మీద తుడిచిపెట్టినప్పుడు ఈ పాఠం ప్రపంచానికంతా అర్థమైంది. మనం అప్పటికే పఠాన్‌కోట్‌లో దానికి ఖరీదు కట్టి ఉన్నాం.

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ మళ్లీ వచ్చింది. ఈసారి అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్, అవంతిపూర్‌లతో మొదలుపెట్టి ఆ రాత్రి ఆగ్రా దాకా ఎన్నో బేసుల మీద బాంబులు వేసింది. పఠాన్‌కోట్ రన్‌వే గట్టిగానే దెబ్బతింది. కానీ విమానాలు పెన్‌లలో ఉన్నాయి. 1965లో కాలినట్టు ఈసారి కాలలేదు. రన్‌వే బాగుచేసేదాకా పఠాన్‌కోట్ ఆకాశాన్ని ఆదంపూర్ నుంచి వచ్చిన విమానాలు కాశాయి.

ఈ చివరి ముక్క దగ్గర కాసేపు ఆగాలి. ఎయిర్‌బేస్‌ని ఒంటరి కోటలా ఊహించుకుంటాం. కానీ పంజాబ్‌లో పఠాన్‌కోట్, ఆదంపూర్, హల్వారా, దిగువన అంబాలా ఒకదానికొకటి ఇరుగుపొరుగు. ఒకరింట్లో పొయ్యి వెలగకపోతే పక్కింటివాళ్లు అన్నం పంపినట్టు, ఒక రన్‌వే మూతపడితే పక్క బేస్ దాని కాపలా కాస్తుంది, దాని విమానాలకు చోటిస్తుంది. అందుకే శత్రువు ఒక బేస్‌ని కొట్టి ఊరుకుంటే లాభం లేదు, ఒకేసారి పదింటిని కొట్టాలి, కొట్టినవాటిని మళ్లీ మళ్లీ కొడుతూ ఉండాలి. 1971లో పాకిస్తాన్‌కి ఆ మొదటి రాత్రి అంత బలగం వాడే శక్తిగానీ తెగువగానీ లేకపోయాయి. చాలా చోట్ల రెండు మూడు విమానాలతో వచ్చి వెళ్లింది. మన వైమానిక దళం ఆ రాత్రే ఎదురుదాడికి బయలుదేరింది.

రన్‌వేల సంగతికొస్తే 1971 నుంచి మనం గుర్తుపెట్టుకోవాల్సిన పేరు భుజ్. కచ్‌లోని ఆ బేస్ మీద పదే పదే బాంబులు పడ్డాయి, రన్‌వే ఛిద్రమైంది. మరమ్మతుకి చాలినంతమంది మనుషులు లేరు. పక్కనే ఉన్న మాధాపర్ గ్రామం నుంచి దాదాపు 300 మంది ఆడవాళ్లు వచ్చి, సైరన్ మోగినప్పుడల్లా పొదల్లోకి పరుగెత్తి దాక్కుంటూ, మళ్లీ వచ్చి తట్టలు మోస్తూ 72 గంటల్లో రన్‌వేని విమానం దిగేలా చేశారు. అప్పుడు బేస్ కమాండర్ స్క్వాడ్రన్ లీడర్ విజయ్ కార్ణిక్. దేశ రక్షణలో వాళ్ల పనిముట్లు తట్టా, పారా.

రన్‌వే మీద గొయ్యి గురించి మన ప్రశ్నకి ఇక్కడ జవాబు దొరుకుతుంది. మామూలు బాంబు రన్‌వే మీద పడితే పైపైన పేలి, ఒక గొయ్యి చేస్తుంది. మన రోడ్డు మీద గొయ్యి పూడ్చినట్టే దాన్నీ పూడుస్తారు. చుట్టూ పగిలిన కాంక్రీట్ తీసేసి, రాయి, కంకర దట్టించి, రోలర్‌తో తొక్కించి, తొందరగా గట్టిపడే మిశ్రమం పోస్తారు, లేదా పైన లోహపు చాపలు పరిచి బోల్టులు బిగిస్తారు. సరంజామా ముందే దగ్గర పెట్టుకుని, రోజూ సాధన చేసే బేస్‌లో ఇది గంటల పని. పైగా మొత్తం రన్‌వే బాగుచేయనక్కర్లేదు. తేలికగా లేచే విమానానికి సరిపడా ఒక పక్క సన్నటి పట్టీ దొరికినా చాలు.

అందుకే రన్‌వేని కొట్టడానికి ప్రత్యేకమైన ఆయుధాలు పుట్టాయి. ఇవి కాంక్రీట్‌ని చీల్చుకుని లోపలికి దిగి, అడుగున పేలుతాయి. అప్పుడు పలక కింది నేల గుల్లవుతుంది, పలకలు పైకి లేస్తాయి. పైన చూస్తే గొయ్యి చిన్నదే, లోపల తవ్వితే పని పెద్దది. మన దగ్గర అలాంటిదాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్. స్మార్ట్ యాంటీ ఎయిర్‌ఫీల్డ్ వెపన్ అనే ఆ ఆయుధం బరువు 125 కిలోల తరగతి, విమానం నుంచి వదిలితే 100 కిలోమీటర్ల దూరం జారుకుంటూ వెళ్లి గురి మీద పడుతుంది. అంటే మన పైలట్ శత్రువు బేస్ మీదుగా ఎగరాల్సిన పని లేదు. 1965లో పఠాన్‌కోట్ మీదికి వచ్చిన సేబర్ పైలట్లు చెట్ల ఎత్తున వచ్చి కళ్లతో చూసి కాల్చారు. ఇప్పుడు ఆ రోజులు కావు.

ఇంకో మాట చెప్పకపోతే లెక్క ఒకవైపే ఉంటుంది. పూడ్చగలగడం వేరు, పూడ్చడం వేరు. 2025 మేలో మన దాడి తర్వాత పాకిస్తాన్‌లోని రహీమ్ యార్ ఖాన్ రన్‌వే నెలల తరబడి మూసే ఉంది. ఆ సంగతి వాళ్ల విమానయాన నోటీసులే చెప్పాయి, గడువు వచ్చినప్పుడల్లా పొడిగించుకుంటూ పోయాయి. కాబట్టి గొయ్యి పడితే బేస్ పోయినట్టు కాదు, అలాగని గొయ్యి ఏమీ కానట్టూ కాదు. తేల్చేది ఆ తర్వాతి రాత్రి అక్కడ ఏం జరిగిందనేదే.

1971 డిసెంబర్ 14 ఉదయం శ్రీనగర్‌ని తలచుకోకుండా ముందుకి వెళ్లలేను. ఆరు సేబర్లు రన్‌వే మీద బాంబులు వేస్తుండగానే, ఆ పొగా దుమ్మూ మధ్య నుంచి ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్ తన నాట్‌ని పైకి లేపాడు. అంతమందితో ఒంటరిగా పోరాడి ప్రాణం ఇచ్చాడు. వైమానిక దళానికి దక్కిన ఒకే ఒక్క పరమవీర చక్ర ఆయనది. స్క్రాంబుల్ అనే మాట మనం సినిమాల్లో వింటాం. సరిహద్దు బేసుల్లో రన్‌వే చివర ఎప్పుడూ ఆయుధాలు బిగించిన విమానాలు, పక్క గదిలో సూట్ వేసుకుని కూర్చున్న పైలట్లు ఉంటారు. గంట మోగిన నిమిషాల్లో గాల్లో ఉండాలి. యుద్ధం లేని రోజుల్లోనూ, పండగ రోజుల్లోనూ అంతే.

గోడ దూకి వచ్చినవాళ్లు

దెబ్బ ఆకాశం నుంచే వస్తుందని అనుకుంటూ ఉండగా, 2016 జనవరి 2 తెల్లవారుజామున అది పఠాన్‌కోట్‌లోకి గోడ దూకి వచ్చింది. పాకిస్తాన్ నుంచి వచ్చిన ఉగ్రవాదులు సైనిక దుస్తుల్లో, దారిలో ఒక పోలీసు అధికారి కారు లాక్కుని, బేస్‌లోకి చొరబడ్డారు. ఆ బేస్ చుట్టుగోడ సుమారు 24 కిలోమీటర్లు. ఒక చిన్న పట్టణానికి కట్టినంత గోడ. చుట్టూ పొలాలు, చెట్లు, కాలువలు, ఊళ్లు. 24 కిలోమీటర్ల గోడలో ప్రతి గజాన్నీ చలికాలం పొగమంచులో మనిషి కళ్లతో కాయడం అయ్యే పని కాదు.

ఏడుగురు మనవాళ్లు ప్రాణాలు ఇచ్చారు. వాళ్లలో ఐదుగురు డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ వాళ్లు. ఆ దళంలో ఉండేది సాధారణంగా సైన్యంలో సర్వీస్ ముగించుకుని, మళ్లీ కాపలా ఉద్యోగంలో చేరే పెద్ద వయసువాళ్లు. సిపాయి జగదీశ్ చంద్ చేతిలో ఆయుధం లేకుండానే ఒక ఉగ్రవాదిని వెంబడించి, పెనుగులాడి, వాడి తుపాకీతోనే వాడిని చంపాడు. తర్వాత మిగతావాళ్ల తూటాలకి నేలకొరిగాడు. వైమానిక దళ గరుడ్ కమాండో గురుసేవక్ సింగ్, జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) లెఫ్టినెంట్ కల్నల్ నిరంజన్ కూడా ఆ ఆపరేషన్‌లోనే పోయారు.

బేస్‌లో రెండు లోకాలు ఉంటాయి. ఒకటి డొమెస్టిక్ ఏరియా, అంటే ఇళ్లు, మెస్సులు, బడి, దుకాణాలు. రెండోది టెక్నికల్ ఏరియా, అంటే విమానాలు, హెలికాప్టర్లు, ఇంధనం, ఆయుధాలు, రాడార్లు. ఉగ్రవాదులు మొదటిదాంట్లోనే ఆగిపోయారు. రెండోదాన్ని చేరలేదు. విమానాలు కాపాడుకున్నాం కాబట్టి గెలిచామని కొందరు, అసలు లోపలికి రానివ్వడమే ఓటమి అని కొందరు అప్పట్లో వాదించుకున్నారు. నా మటుకు రెండో మాటే ఎక్కువ నిజం. ముందురోజే హెచ్చరిక ఉంది, కారు లాక్కున్న సంగతి తెలుసు, అయినా గోడ దాటారు. ఏడు కుటుంబాలు మూల్యం చెల్లించాయి. ఆ తర్వాత బేసుల గోడల వెంట సెన్సర్లు, థర్మల్ కెమెరాలు, కంట్రోల్ రూమ్‌కి కలిపిన కొత్త కాపలా వ్యవస్థ పెట్టడం మొదలైంది. 1965 తర్వాత బ్లాస్ట్ పెన్‌లు వచ్చినట్టే, ఇదీ దెబ్బ తర్వాతే వచ్చింది.

2019 సెప్టెంబర్‌లో వైమానిక దళంలో చేరిన తొలి 8 అపాచీ హెలికాప్టర్లకి చోటు దొరికింది ఈ పఠాన్‌కోట్‌లోనే. ట్యాంకుల్ని వేటాడే హెలికాప్టర్‌ని ఆ మెడ దగ్గర ఎందుకు పెట్టారో ఛాంబ్ కథ తెలిసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

రెక్కలున్న గ్రెనేడు

2021 జూన్ 27 అర్ధరాత్రి దాటాక జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో కొద్ది నిమిషాల తేడాతో రెండు పేలుళ్లు జరిగాయి. ఒకటి కప్పుకి చిల్లు పెట్టింది, ఒకటి ఖాళీ చోట పడింది. ఇద్దరికి చిన్న గాయాలయ్యాయి. నష్టం చూస్తే చిన్నదే. కానీ డ్రోన్‌తో బాంబు మోసుకొచ్చి మన సైనిక స్థావరం మీద వేయడం అదే మొదటిసారి. గోడ ఎంత ఎత్తు కట్టినా దానికి లెక్కలేదు. పెద్ద రాడార్‌కి అది పక్షిలా కనిపిస్తుంది, లేదా కనిపించదు.

నాలుగేళ్ల తర్వాత అది వందల సంఖ్యలో వచ్చింది. 2025 మే 7-8 రాత్రి పాకిస్తాన్ డ్రోన్లతో, క్షిపణులతో గురిపెట్టిన చోట్ల జాబితాలో పఠాన్‌కోట్ ఉంది. అవంతిపుర, శ్రీనగర్, జమ్మూ, అమృత్‌సర్, ఆదంపూర్, భుజ్ కూడా ఉన్నాయి. 1971 నాటి జాబితా పక్కన పెట్టుకుని చూస్తే సగం పేర్లు అవే. చిరునామా మారలేదని ముందే అన్నాను కదా.

ఈసారి ఎదురు నిలిచింది పొరలు పొరలుగా అల్లిన వల. దూరాన ఎస్-400, దాని లోపల మధ్య దూరపు క్షిపణులు, ఇంకా లోపల ఆకాశ్, చివరన భుజం మీంచి వదిలే ఇగ్లాలు, ఎల్-70 ఫిరంగులు, డ్రోన్ సిగ్నల్‌ని తెంచే జామర్లు. వీటన్నిటినీ రాడార్లతో కలిపి ఒకే తెర మీద చూపించేది ఐఏసీసీఎస్ అనే కమాండ్ వ్యవస్థ. ఏ డ్రోన్‌ని ఎవరు కొట్టాలో అక్కడ తేలుతుంది. ఇది లేకపోతే ఒకే డ్రోన్ మీదికి మూడు క్షిపణులు పోతాయి, నాలుగో డ్రోన్ లోపలికి వచ్చేస్తుంది. ఆకాశ్‌ని రూపుదిద్దింది హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్, తయారుచేసేది భారత్ డైనమిక్స్. పంజాబ్ ఆకాశంలో ఆ రాత్రులు కాపలా కాసినదాంట్లో హైదరాబాద్ కంచన్‌బాగ్ కార్మికుల చేతిపని ఉంది. బాపట్ల పక్కన సూర్యలంక తీరంలో క్షిపణులు పేల్చే సాధన ఎందుకు చేస్తారో అడిగేవాళ్లకి కూడా జవాబు ఇదే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఎల్-70 ఫిరంగి డిజైన్ స్వీడన్‌ది, దశాబ్దాల పాతది. దాన్ని పారేయకుండా కొత్త సెన్సర్లు తగిలించి ఉంచారు. చవక డ్రోన్ మీద ఖరీదైన క్షిపణి వదిలితే చివరికి మన అంబులపొదే ఖాళీ అవుతుంది. ఫిరంగి గుండుకి ఆ బాధ లేదు.

వలకి ఇంకో వైపు ప్రమాదం ఉంది. 2019 ఫిబ్రవరి 27న, పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన విమానాలు దాడి చేసిన మర్నాడు, శ్రీనగర్ దగ్గర బడ్‌గామ్‌లో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. ఆ ఏడాది అక్టోబర్‌లో, అప్పటికి కొత్తగా వైమానిక దళాధిపతి అయిన భదౌరియా అది మా పెద్ద తప్పు అని బహిరంగంగా ఒప్పుకున్నారు. తెర మీద కదిలే చుక్క మనదా, వాళ్లదా అని క్షణాల్లో తేల్చాల్సిన మనిషి మీద ఎంత బరువు ఉంటుందో ఆ ఘటన చెబుతుంది. యుద్ధం నడిచే రాత్రి బేస్ మీదుగా మన విమానాలూ వస్తూ పోతూ ఉంటాయి, వాళ్ల డ్రోన్లూ వస్తుంటాయి. రెండిటినీ వేరు చేయడమే వైమానిక రక్షణలో అన్నిటికంటే కష్టమైన పని.

దూరం కూడా ఇదివరకటిలా కాపాడదు. బాలాకోట్‌కి వెళ్లిన మిరాజ్‌లు సరిహద్దుకి ఎంతో దూరాన ఉన్న గ్వాలియర్ నుంచి లేచాయి. ముందు వరస బేస్ పహారా కాస్తుంది, వెనక వరస బేస్ బరువైన దెబ్బకి సిద్ధమవుతుంది, దూరమే దానికి కవచం అన్నది పాత లెక్క. 2025 జూన్ 1న యుక్రెయిన్ లారీల్లో డ్రోన్లు దాచి, తన సరిహద్దుకి 4,000 కిలోమీటర్లకు పైగా దూరంలో సైబీరియాలో ఉన్న బెలాయా బేస్‌లో రష్యా బాంబర్లను కాల్చింది. అక్కడ ఆ విమానాలు ఆరుబయట నిలబడి ఉన్నాయి. 1965లో పఠాన్‌కోట్‌లో నిలబడ్డట్టే. మిగ్-21ల కోసం కట్టిన మన పాత కాంక్రీట్ షెల్టర్లలో సుఖోయ్ పట్టదు, దాని రెక్కల వెడల్పు మిగ్-21కి రెట్టింపు. కాబట్టి కొత్త షెల్టర్లకయ్యే ఖర్చుని ఆడంబరంగా చూడకూడదు. 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లు పూర్తిగా సర్వీసు నుంచి తప్పుకున్నాక మన ఫైటర్ స్క్వాడ్రన్లు 42 ఉండాల్సిన చోట 29కి పడిపోయాయి. ఇప్పుడు నేల మీద 10 విమానాలు పోతే 1965 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నొప్పి.

మేదరమెట్ల దారిలో

బేస్‌ని జరపలేమన్నాను. రన్‌వేని మాత్రం ఇంకోచోట పుట్టించవచ్చు. విజయవాడ నుంచి ఒంగోలు వెళ్లేవాళ్లు మార్టూరు దాటి మేదరమెట్ల చేరేలోపు, కొరిశపాడు దగ్గర రోడ్డు ఒక్కసారిగా మారడం గమనించే ఉంటారు. డివైడర్ ఉండదు, మలుపు ఉండదు, తారు బదులు నున్నటి కాంక్రీట్. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. అది 16వ నంబర్ జాతీయ రహదారిలో ఒక ముక్క, వైమానిక దళానికి అత్యవసర రన్‌వే కూడా. 2022 డిసెంబర్ 29న మొదటిసారి, 2024 మార్చి 18న మళ్లీ అక్కడ ట్రాఫిక్ మళ్లించి పరీక్షించారు. సుఖోయ్-30లు, హాక్‌లు రోడ్డుని దాదాపు తాకుతున్నట్టు కిందికి వచ్చి పైకి లేచాయి. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి, మళ్లీ ఎగిరాయి. రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో, యూపీ ఎక్స్‌ప్రెస్‌వేల మీద కూడా ఇలాంటి పట్టీలు ఉన్నాయి.

రోడ్డు మీద విమానం దిగడం చూసి చప్పట్లు కొట్టిన ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లలో కొందరు, పాకిస్తాన్ సరిహద్దు ఎక్కడ, మన కొరిశపాడు ఎక్కడ అని కూడా అడిగారు. తూర్పు తీరంలో తుఫాను వచ్చి మామూలు విమానాశ్రయాలు మునిగితే సహాయ సామగ్రితో ఏఎన్-32 ఇక్కడ దిగగలదు. యుద్ధంలో తీరం వెంబడి ఏదైనా రన్‌వే మూతపడితే, ఇంధనం అడుగంటిన విమానానికి ఇది ప్రాణం. దిగినంత మాత్రాన అది బేస్ అయిపోదు. బౌజరూ, ఫిట్టరూ, క్రాష్ టెండరూ, విమానాలకు దారి చెప్పే ఏటీసీ వ్యానూ ఆ పరీక్షల రోజుల్లో లారీల్లో వచ్చినట్టే వస్తేనే విమానం మళ్లీ లేస్తుంది. కానీ శత్రువు లెక్కపెట్టుకోవాల్సిన రన్‌వేల సంఖ్య ఒకటి పెరుగుతుంది.

బాబాయికి ఆ వారం తర్వాత ఇదంతా వివరంగా చెప్పాను. విన్నాడు. వాళ్ల వీధిలోని ఆ అబ్బాయి పని బౌజర్ నడపడమట. మే నెల ఆ నాలుగు రాత్రులూ లైట్లన్నీ ఆర్పేసిన చీకట్లో, హెడ్‌లైట్ లేకుండా, బండి నడిపి విమానాలకి ఇంధనం పట్టాడట. ఏ బేస్ అన్నది ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు.